నాలుగో అంచు

“ప్రమాదం” అని రాసేసి ఇన్‌స్పెక్టర్ పెన్ను జేబుకు తగిలించుకున్నాడు. ఆ పెన్ను మళ్ళీ బయటికి తీయించడం ఎలాగా అని జలగ గుమ్మంలో నిలబడి ఆలోచిస్తున్నాడు.

జలగ అన్నది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు లెండి. ఏ కన్నవాళ్ళు పెడతారు అలాంటి పేరు? పోలీసు డిపార్టుమెంటులో ఉన్నన్నాళ్ళూ పట్టిన కేసు వదిలేవాడు కాదని తోటివాళ్ళు తగిలించారు. పైవాళ్ళతో పడక ఉద్యోగం మానేసి డిటెక్టివ్ అని బోర్డు కట్టుకున్నా, పేరు మాత్రం ఇతన్ని వదల్లేదు. పెట్టినవాడు ఎవరో కాదు, ఎదురుగా ఉన్న ఈ ఇన్‌స్పెక్టరే. ఇద్దరూ ఒకే రోజు ఉద్యోగంలో చేరారు, ఒకే గదిలో అద్దెకున్నారు, ఒకరి పొడ ఒకరికి గిట్టకుండానే ఇన్నేళ్ళూ నెట్టుకొచ్చారు.

వాళ్ళు నిలబడ్డది ఒక వైర్‌లెస్ ల్యాబ్‌లో, షీల్డ్ గది ముందు. ఆ గదికి గోడలు, కప్పు, నేల అన్నిటికీ రాగి రేకు తొడిగారు. లోపలి సిగ్నల్ బయటికి పోదు, బయటిది లోపలికి రాదు. ఊళ్ళో ఉన్న రేడియో గోలంతా ఆపేసి, ఒక్క యంత్రం మాట మాత్రం విని కొలవడానికి కట్టిన గది అది. అందులోకి ఫోను పట్టుకెళ్తే ఉత్త డబ్బాయే. ఈ ల్యాబ్‌ని ఏళ్ళ తరబడి నడిపి రిటైరైన మాస్టారు మొన్న సాయంత్రం ఆ గదిలోకి వెళ్ళి, నిన్న పొద్దున శవమై బయటికొచ్చారు.

ఇన్‌స్పెక్టర్ లెక్క తేలిగ్గా ఉంది. పెద్దాయన ఒక్కడే లోపలికెళ్ళాడు, తలుపేసుకున్నాడు. పాత తలుపు, లోపలి మీటకున్న మేకు ఊడి మీట చేతికొచ్చేసింది. అరిచినా వినపడదు, ఫోను పనిచెయ్యదు. అసలే గుండె జబ్బు మనిషి, మాత్రలేమో బయట కొక్కేనికి తగిలించిన కోటు జేబులో ఉండిపోయాయి. కంగారులో గుండె ఆగింది. ఇందులో డిటెక్టివ్‌లకు పనేముందని అతని వాదన.

“ఊడిన మేకు ఎక్కడుంది?” అన్నాడు జలగ.

ఎక్కడికో దొర్లిపోయి ఉంటుందన్నాడు ఇన్‌స్పెక్టర్. మూసిన గదిలోంచి దొర్లిపోయేంత తెలివైన మేకా అని జలగ అడిగాడు. ఇన్‌స్పెక్టర్‌కి ఒళ్ళు మండింది. ఆ ముసలాయన కూతురు ఏడుస్తుంటే చూసి నీకు ఫీజు కనపడిందిగానీ, నాకు అక్కడ ప్రమాదమే కనపడిందని మొహం మీదే అనేశాడు. జలగ అది చెవిన వేసుకోకుండా తలుపు దగ్గరికెళ్ళి కూర్చున్నాడు.

ఆ కూతురు ఏడవలేదు, అది వేరే సంగతి. నిన్న మధ్యాహ్నం జలగ ఆఫీసుకొచ్చి, కుర్చీ కూడా లాక్కోకుండా, నిలబడే మొత్తం చెప్పింది. వాళ్ళ నాన్న వయసులో ఉండగా ఒక పద్ధతి కనిపెట్టారు. ఒకే గాలిలో వంద యంత్రాలు ఒక్కసారి మాట్లాడబోతే ఏదీ వినపడదు కదా. ఎవరి వంతు ముందు, ఎవరిది వెనక, ప్రాణం మీదికొచ్చిన కబురుకి మిగతావి ఎలా దారివ్వాలి అన్నది ఆ పద్ధతి. కంపెనీలన్నీ కూర్చుని అందరి యంత్రాలకీ ఒకటే స్టాండర్డ్ ఖాయం చేసే సభలో దాన్ని చేర్చుకున్నారు. చేర్చుకునే ముందు మాస్టారు కంపెనీ తరఫున లేచి మాటిచ్చారు. పేటెంటు మాదేగానీ, అడిగినవాళ్ళకి లేదనకుండా, సబబైన ధరకే ఇస్తాం అని. ఆ మాట మీద నమ్మకంతోనే లోకమంతా దాన్ని వాడింది.

తర్వాత కంపెనీ మూతపడింది, మాస్టారి ల్యాబ్ ఒక్కటే మిగిలింది. పేటెంటు చేతులు మారి మారి ఒక ఫండ్ ఒళ్ళో పడింది. ఈ ఫండ్ ఒక్క వస్తువు తయారుచెయ్యదు, ఒక్క స్క్రూ బిగించదు. పేటెంట్లు కొనడం, వాడుకుంటున్నవాళ్ళ మీద దావాలెయ్యడం, అదే దాని వ్యాపారం. కూతురు వర్క్‌షాపులో రోగుల చేతికి కట్టే పట్టీలు తయారవుతాయి. వార్డులో మనిషికి ఊపిరి తడబడితే నర్సు బల్ల దగ్గర గంట మోగుతుంది. అందులో ఉన్నది నాన్న పద్ధతే. ఆ పట్టీలు ఆపించెయ్యమని ఫండ్ కోర్టుకెక్కింది. సబబైన ధర ఇస్తానంటే ఒప్పుకోలేదు. మాట సంగతి ఎత్తితే, ఆ సభలో మావాళ్ళెవరూ లేరు, మాటిచ్చినట్టు మాకు తెలీదు, తెలియక కొన్నాం కాబట్టి అది మాకు అంటదు అని అఫిడవిట్ వేసింది. పాత కాగితాలేమో పేటెంటుతో పాటే ఫండ్ బీరువాల్లోకి పోయాయి. ఆ సభకొచ్చిన మిగతావాళ్ళెవరూ ఇప్పుడు దొరకలేదు, మిగిలింది మాస్టారి నోరొకటే. రేపు పొద్దున ఆయన కోర్టులో చెప్పాల్సింది.

“మొన్న ఫోన్ చేశారు నాన్న,” అని చివర్లో చెప్పింది ఆమె. “నేను మాటిచ్చిన రోజు నా పక్క కుర్చీలో కూర్చున్నవాడు ఇప్పుడు ఆ ఫండ్‌లోనే ఉన్నాడమ్మా, ముందు వాడితో మాట్లాడి చూస్తా, వాడంతట వాడే ఒప్పుకుంటే నేను కోర్టులో వాడి పరువు తియ్యక్కర్లేదు, అన్నారు. ఎవరని అడిగితే, ఒప్పుకునేదాకా పేరెందుకులే అన్నారు. ఇప్పుడేమో అబద్ధం చెప్పలేక సిగ్గుతో పోయాడని ఫండ్‌వాళ్ళు వాగుతున్నారు. మా నాన్న మాట ఆయనతో పాటు కాలిపోకూడదు సార్.”

అదీ కేసు. ఆయన పక్క కుర్చీలో కూర్చున్నది ఎవరు?

జలగ తలుపు ముందు గొంతుక్కూర్చున్నాడు. చల్లని సరుకు దాచే గోడౌన్ తలుపంత బరువుంది. గాలికి పడే రకం కాదు, భుజం పెట్టి నెట్టి మీట దించాల్సిందే. దాని నాలుగు అంచులా దువ్వెన పళ్ళలా సన్నటి రాగి పళ్ళు వరసగా ఉన్నాయి. పై అంచు మీద వేలు పెట్టి రాశాడు. వేలికేం అంటలేదు. కుడి అంచూ అంతే, ఎడమ అంచూ అంతే, కొత్త బిందెలా మెరుస్తున్నాయి. కింది అంచు మీద రాస్తే వేలు బూడిద రంగయింది.

అతను ఆ వేలివంక చాలాసేపు చూశాడు. తర్వాత ల్యాబ్ ఇన్‌ఛార్జిని పిలిచాడు.

ఇన్‌ఛార్జి నలభై దాటిన మనిషి, తెల్ల కోటు, రాత్రంతా ఏడ్చిన కళ్ళు. మాస్టారు రిటైరయ్యాక ఈ ల్యాబ్ ఆమె చేతికొచ్చింది. శవాన్ని మొదట చూసిందీ ఆమే. జలగ ఆమెను తిన్నగా నిలదీశాడు. ల్యాబ్ తాళం ఎవరెవరి దగ్గరుంది? నా దగ్గర ఒకటి, మాస్టారి దగ్గర ఒకటి అంది. మొన్న సాయంత్రం మీరెక్కడున్నారు? ఇంటికెళ్ళిపోయాను, మాస్టారే వెళ్ళిపొమ్మన్నారు, పాత శిష్యుడొకడు వస్తున్నాడు, వాడితో ఒంటరిగా మాట్లాడాలన్నారు అంది. ఆ ముక్క పోలీసులకెందుకు చెప్పలేదు? చెప్పానండీ, రాసుకోలేదు అంది. ఇన్‌స్పెక్టర్ కిటికీ వైపు తిరిగి గొంతు సవరించుకున్నాడు.

“ఈ పళ్ళెందుకు?” అని తలుపు చూపించాడు జలగ.

తలుపు మూస్తే ఆ పళ్ళు చట్రానికి అదిమి పట్టుకుంటాయనీ, మధ్యలో దుమ్ము పడితే సందులోంచి సిగ్నల్ కారిపోయి కొలతలన్నీ తప్పుతాయనీ ఆమె చెప్పింది. అందుకే ఇక్కడ ఎవరైనా సరే, తలుపు మూసే ముందు గుడ్డతో నాలుగు అంచులూ తుడిచి తీరాలి. చేరిన మొదటి రోజే మాస్టారు నేర్పే పాఠం అది. ఏళ్ళ తరబడి చేసి చేసి చెయ్యి దానంతటదే పోతుందట. ఇంట్లో ఫ్రిజ్ తలుపు మూసేటప్పుడు కూడా ఒకటి రెండుసార్లు తుడవబోయానని చెప్పి, ఆ ఏడుపు మొహంలోనే కొంచెం నవ్వింది.

“గదిని చివరిసారి ఎప్పుడు వాడారు?”

వాడి చాలా రోజులైందనీ, అంచులు దుమ్ముగానే ఉండాలనీ ఆమె అంది. అంటూనే వంగి చూసింది. చూసి, వంగిన మనిషి అలాగే ఉండిపోయింది.

“మూడు వైపులా తుడిచారు,” అంది నెమ్మదిగా. “మాస్టారైతే కింది అంచే ముందు తుడుస్తారు. మోకాళ్ళు నొప్పులైనా సరే, కూర్చుని మరీ తుడుస్తారు. మేమందరం అంతే. కింది అంచు వదిలేసినవాడు ఇక్కడ ఒక్కడే ఉండేవాడట. నేను చేరకముందు సంగతి. నేనెప్పుడూ చూళ్ళేదు.”

ఎవడు వాడని జలగ అడగాల్సిన పని కూడా పడలేదు, ఆమె చెప్పుకుపోయింది. వాడికి మాస్టారు కర్ర అని ముద్దుపేరు పెట్టారట. నడుం వంచడం నామోషీ వాడికి. కింద పడ్డ వస్తువు తియ్యడు, కింది అంచు తుడవడు. తెలివిలో మాత్రం వాడంతటి శిష్యుడు మళ్ళీ రాలేదని మాస్టారు అనేవారు. వాడికి బుద్ధి చెప్పడానికి ఆయనొక తమాషా చేసేవారు. సన్నటి రాగి తీగ ఒకటి కింది అంచు మీదుగా, సగం లోపలికి సగం బయటికి పడేసి ఊరుకునేవారు. ఆ తీగ పట్టుకుని బయటి సిగ్నలంతా లోపలికి నడిచొచ్చేసేది. కర్ర రోజంతా కొలతలు తప్పి తల బాదుకునేవాడేగానీ, వంగి చూసేవాడు కాదు. సాయంత్రం మాస్టారే ఆ తీగ తీసి వాడికి చూపించేవారట. కొన్నేళ్ళకి జీతం చాలదని మానేసి డబ్బు వ్యాపారంలోకి వెళ్ళిపోయాడని మాత్రం ఆమె విన్నది.

“అంత సన్నటి తీగకే ఈ గది చిల్లు పడుతుందా?” అన్నాడు జలగ.

“అక్కరకొచ్చేంత చిల్లు పడుతుందండీ. లోపలి కొస దగ్గర నిలబడితే ఫోను కూడా మోగుతుంది.”

ఇన్‌ఛార్జి అటు వెళ్ళగానే ఇన్‌స్పెక్టర్ దగ్గరికొచ్చాడు. గొంతు తగ్గించాడు. గుడ్డపెట్టి తుడిచారని కోర్టులో చెప్తే జడ్జి నవ్వుతాడన్నాడు. అది నిజమేనని జలగ ఒప్పుకున్నాడు. అప్పుడు ఇన్‌స్పెక్టర్ అసలు సంగతి కక్కాడు.

“ఒరేయ్, ఒక్క మాట చెప్తా విను. ఆ ఫండ్‌లో డబ్బు ఎవరిదనుకుంటున్నావ్? సగం టీచర్లదీ నర్సులదీ. మిగతా సగంలో మన పోలీసు పెన్షన్ ట్రస్టుది పెద్ద వాటా. నాదీ నీదీ కూడా అందులోనే ఉంది. ఆ పేటెంటు గెలిస్తే నా పెన్షన్ పెరుగుతుంది, నీకొచ్చే ఆ కాస్తా పెరుగుతుంది. ఓడిందనుకో, ఇంట్లో నాకు పెళ్ళికావలసినవాళ్ళు ఇద్దరున్నారు. నేనేం లంచం తినలేదురా. ప్రమాదంలా కనపడింది, ప్రమాదమని రాశాను. అంతకంటే లోతుకెళ్ళాలనిపించలేదు.”

జలగ తనని తనే నిలదీసుకున్నాడు. నెలనెలా బ్యాంకులో పడే ఆ డబ్బు ఎక్కణ్ణించి వస్తోందని ఇన్నేళ్ళలో ఒక్కసారైనా అడిగాడా? అడగలేదు. ఎవడో చూసుకుంటున్నాడులే, నెల తిరిగేసరికి పడుతోందిగా అని ఊరుకున్నాడు. నర్సుల డబ్బుతోనే నర్సుల వార్డులో గంటలు ఆపించడానికి దావా నడుస్తోందంటే, ఆ నర్సుల్లో ఎవరికి తెలుసు? తన మీద తనకే అసహ్యం వేసింది. ఆ అసహ్యం అక్కడితో ఆగలేదు, కోపమైంది.

“నా ముసలితనానికి దాచిపెట్టమని ఇచ్చానుగానీ, ఇంకో ముసలాయన ఊపిరాపమని ఇవ్వలేదు,” అన్నాడు. “పోతే పోనీ పెన్షన్. నువ్వు నాకొక్క గంట ఇవ్వు. ఫోను చెవి దగ్గర పెట్టుకుని, నోరు మూసుకుని, పక్క గదిలో కూర్చో. ఏమీ వినపడకపోతే నీ కాగితం కింద నేనే సాక్షి సంతకం పెట్టిపోతా.”

ఇన్‌స్పెక్టర్ అతని మొహంలోకి చూశాడు. జలగ చేత ఓటమి సంతకం పెట్టించుకోవడమన్నది అతనికి ఇన్నేళ్ళ కోరిక. సరేనన్నాడు.

ఎర వెయ్యడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఫండ్ ఆఫీసుకి ఫోన్ చేసి, మాస్టారు చేసిన మొట్టమొదటి నమూనా యంత్రం ఒకటి షీల్డ్ గదిలో దొరికిందన్నాడు జలగ. పేటెంటుతో పాటు అది కూడా మీ ఆస్తేననీ, కూతురు ఎత్తుకుపోకముందే వచ్చి పట్టుకెళ్ళండనీ చెప్పాడు. ఫోను పెట్టబోతూ, ఊరికే గుర్తొచ్చినట్టు, అడుగున దాన్ని తయారుచేసినవాళ్ళ పేర్లు గీకి ఉన్నాయని ఒక ముక్క వదిలాడు. అదంతా పచ్చి అబద్ధం. గదిలో ఉన్నదల్లా పనికిరాని పాత డబ్బా, దాని అడుగున తుప్పు తప్ప ఏమీ లేదు. మామూలు డబ్బు మనిషైతే ఒక గుమాస్తాని పంపుతాడు, మహా అయితే లాయర్ని పంపుతాడు. పేర్లంటే భయమున్నవాడే స్వయంగా వస్తాడు.

స్వయంగా వచ్చాడు. ఫండ్ ఎం.డి. వెంట డ్రైవరు కూడా లేడు.

ఎం.డి. పొడుగాటి మనిషి, నిటారుగా ఉన్నాడు, బట్టల మీద మడత కూడా పడనట్టుంది. లోపలికొస్తూ జేబులోంచి రుమాలు తీశాడు, దాంతో పాటు కారు తాళం కింద పడింది. అతను ఆగి, దానివంకా జలగవంకా చూసి, ఊరుకున్నాడు. ఎవరైనా తీసిస్తారని అతని ఉద్దేశం. జలగే వంగి తీసి ఇచ్చాడు.

“ల్యాబ్‌లూ అవీ నాకు అలవాటు లేదండి,” అన్నాడు ఎం.డి. నవ్వుతూ. “వైరుకీ తాడుకీ తేడా తెలీనివాణ్ణి. మాదంతా లెక్కలూ కాగితాలూను. ఏదీ, చూపించండి.”

పక్క గదిలో ఇన్‌స్పెక్టర్, కూతురు, ఇన్‌ఛార్జి ముగ్గురూ ఒకే ఫోను చుట్టూ కూర్చుని ఉన్నారు. రెండో ఫోను జలగ చొక్కా లోపల ఉంది, లైను కలిపే ఉంది. షీల్డ్ గది తలుపు కింద, నేల మీది రాగి రేకు రంగులో కలిసిపోయి, మాస్టారి పాత తీగ పడి ఉంది. ఊడిన మేకు స్థానంలో ఇన్‌ఛార్జి కొత్తది దిగ్గొట్టింది. గుమ్మం పక్కనున్న ట్రేలో జలగ తన పాత ఫోనొకటి అందరికీ కనపడేలా పెట్టాడు. ఎం.డి. కూడా తన ఫోను ట్రేలో పెట్టేశాడు. పెట్టమని అతనికెవరూ చెప్పలేదు.

లోపల గోడల నిండా నల్లటి స్పాంజి మొనలు పొడుచుకొచ్చి ఉన్నాయి. మాటకి ప్రతిధ్వని లేదు. మధ్యలో బల్ల మీద ఆ పాత డబ్బా ఉంది. ఎం.డి. దాని దగ్గరికి వెళ్ళబోతే జలగ అడ్డం నిలబడ్డాడు. పేర్లు నేను చూశాను, బేరం కుదిరితేనే మీకు చూపిస్తాను, తలుపేసి మాట్లాడుకుందాం అన్నాడు. నోరు కట్టేసుకోవడానికి ఎంతిస్తారని మొహం మీద రాసిపెట్టుకుని నిలబడ్డాడు. పోలీసు ఉద్యోగంలో అలాంటి మొహాలు ఎన్ని చూశాడో, ఆ వేషం కట్టడం అతనికి ఇబ్బంది కాలేదు.

ఎం.డి.కి ఆ మొహం బాగా తెలిసిన మొహమే. తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, వేస్తానుండండి అని తలుపు దగ్గరికి తనే వెళ్ళాడు. గుడ్డ తలుపు వెనక కొక్కేనికి వేలాడుతూ ఉంటుంది, బయటికి కనపడదు. ఎం.డి. జలగతో మాట్లాడుతూనే, చూడకుండానే, తలుపు వెనక్కి చెయ్యి పెట్టి గుడ్డ అందుకున్నాడు. మీలాంటి అనుభవజ్ఞులు మా ఫండ్‌కి చాలా అవసరమండీ అంటూ పై అంచు ఒక్క లాగున తుడిచాడు. కుడి అంచు తుడిచాడు. ఎడమ అంచు తుడిచాడు. గుడ్డ కొక్కేనికి తగిలించి, భుజంతో తలుపు నెట్టి, లోపలి మీట దించాడు.

కింది అంచు వైపు చూడనైనా చూడలేదు.

జలగకి ఒకపక్క ఆనందం వేసింది, ఒకపక్క చచ్చిపోయిన ఆ పెద్దాయన మీద జాలి వేసింది. నెమ్మదిగా, ఒక్కో అడుగూ వేసుకుంటూ వచ్చి తీగ కొస దగ్గర తలుపుకి ఆనుకుని నిలబడ్డాడు.

“వైరుకీ తాడుకీ తేడా తెలీదుగానీ గుడ్డ ఎక్కడుంటుందో తెలుసే నీకు,” అన్నాడు. “మాస్టారు కర్ర అని పిలిచింది నిన్నే కదూ?”

ఎం.డి. చెయ్యి ఇంకా మీట మీదే ఉంది. తన చేతివంక తనే చూసుకున్నాడు. ఆ చెయ్యి ఏం చేసిందో అప్పుడు తెలిసింది. మొహంలో నెత్తురు దిగిపోయింది, మళ్ళీ ఎక్కింది. చుట్టూ ఉన్న నల్లటి గోడలు చూసి, చిత్రంగా, నవ్వాడు.

“మంచి గదిలోనే అడిగారు,” అన్నాడు. “ఇందులోంచి మాట బయటికి పోదు. పళ్ళు నేనే శుభ్రంగా తుడిచాను కూడా. మీ జేబులో ఏ యంత్రం ఉన్నా, రికార్డు చేసింది మీరు బయటికి తీసుకెళ్ళాలి, తీసుకెళ్ళేముందు నా వెల వినాలి. కాబట్టి మనిద్దరం నిజాలే మాట్లాడుకోవచ్చు.”

తర్వాత అతను మాట్లాడాడు. ఇన్నేళ్ళూ ఎవరితోనూ అనలేనిది ఒక్కసారి కట్ట తెగింది. అవును, ఆ సభలో మాస్టారి పక్కన కూర్చున్నది తనే. ఆయన మాటిచ్చినప్పుడు చప్పట్లు కొట్టింది కూడా తనే. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆ పేటెంటు అమ్మకానికొచ్చిందని తెలిసి, దాని విలువ లోకంలో అందరికంటే తనకే ఎక్కువ తెలుసు కాబట్టి, ఫండ్ చేత కొనిపించాడు. ఆ మాట ఒక్కటి మర్చిపోతే చాలు. అఫిడవిట్‌లో తెలీదని రాయడానికి చెయ్యి వణకలేదా అని జలగ అడిగాడు. దేనికి వణకాలి అన్నాడు అతను. ముసలి టీచర్లకి, నర్సులకి, పోలీసోళ్ళకి నెలనెలా అన్నం పెట్టేది తను. సబబైన ధర అంటూ పంచిపెట్టుకుంటూ పోతే వాళ్ళ నోట్లో మన్ను పోసినట్టే. డబ్బు పెట్టినవాళ్ళు ఎంతొచ్చిందని అడిగారుగానీ ఎలా వచ్చిందని ఒక్కడూ అడగలేదు, మీరు అడిగారా అని ఎదురు ప్రశ్న వేశాడు.

“అడగలేదు,” అన్నాడు జలగ. “తప్పే. ఇప్పుడు అడుగుతున్నా. మాస్టారు నిన్ను ఏమడిగారు?”

ఎం.డి. గొంతు మారింది.

“డబ్బు అడగలేదు. కేసు మానుకోమని కూడా అడగలేదు. కోర్టులో లేచి, ఆ రోజు నేనేం చెప్పానో నువ్వు చెప్పరా, అన్నారు. అంతే. నువ్వు చెప్పకపోతే నేను చెప్పాలి, నా శిష్యుడు దొంగని నా నోటితో చెప్పించకు, అన్నారు. ఈ బల్ల దగ్గర నిలబడి. నేను మేకు లాగేసి తలుపు మూశాను. నేనాయన మీద చెయ్యి వెయ్యలేదు. తలుపేశాను, అంతే.”

“ఆయన మాత్రలు బయట కోటులో ఉన్నాయని తెలుసా?”

“కోటు తగిలించింది నేనే,” అన్నాడు ఎం.డి.

గదిలో ఆ మాట ఎక్కడా తగలకుండా ఆగిపోయింది. జలగకి అతన్ని చొక్కా పట్టుకుని గోడకేసి కొట్టాలనిపించింది. రెండు చేతులూ వెనక కట్టుకున్నాడు.

“ఇక వెల చెప్పండి,” అన్నాడు ఎం.డి. “మీ పెన్షన్ కూడా నా చేతుల్లోనే ఉంది. మర్చిపోకండి.”

“ఉంచుకో,” అన్నాడు జలగ, మీట ఎత్తి తలుపు లాగాడు.

గుమ్మంలో ఇన్‌స్పెక్టర్ నిలబడి ఉన్నాడు, ఫోను ఇంకా చెవికే ఉంది. మొహం నల్లబడిపోయింది. జేబులోంచి కాగితం తీసి, తలుపుకే ఆనించి, పెన్ను తీసి, రాసిన మాట అడ్డంగా కొట్టేశాడు. కొట్టేసినంతసేపూ జలగవంక చూడలేదు. పోయింది నా పెన్షన్ అని మాత్రం గొణిగాడు, బేడీలు తీస్తూ.

ఎం.డి.కి ఇంకా అర్థంకాలేదు. ఇది జరగదు, ఈ గదిలోంచి బయటికి పోదు, నేను తుడిచాను అంటున్నాడు. ఇంజనీరు బుద్ధి మళ్ళీ పైకొచ్చినట్టుంది, పై అంచు చూశాడు, పక్క అంచులు చూశాడు. అప్పుడు ఇన్‌స్పెక్టర్ వెనకనించి మాస్టారి కూతురు ముందుకొచ్చి, వేలితో కిందికి చూపించింది.

ఎం.డి. కిందికి చూశాడు. నెమ్మదిగా నడుం వంచి, ఒక మోకాలు నేలకానించి, కింది అంచు మీదనించి ఆ తీగ తీశాడు. తీసి అరచేతిలో పెట్టుకుని చూస్తూ అక్కడే ఉండిపోయాడు. అది ఎవరి తీగో అతనికి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

ఇన్‌స్పెక్టర్ లేవమన్నాడు. ఆమె ఒక్క నిమిషమని ఆపింది. ఆమె గొంతులో కోపం ఉంది, ఏడుపు ఉంది, రెండిటినీ పళ్ళ బిగువున పట్టుకుంది.

“రేపు పొద్దున కోర్టుకి మీరు వస్తారు,” అంది. “బేడీలతోనే వస్తారు. ఆ రోజు నాన్న ఏం చెప్పారో లేచి నిలబడి చెప్తారు. ఆయన మిమ్మల్ని అడిగింది అదొక్కటే కదా.”